తాళం ఒకటే, వేసే చెయ్యే వేరు

ఆఫీసులో సాఫ్ట్‌వేర్ లైసెన్సుల రెన్యువల్ దగ్గరపడిందంటే ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మనం కడుతున్న దాంట్లో డేటా రక్షణ ఉందా, దానికి మళ్లీ వేరే కట్టాలా?" అడిగేది యజమాని కావచ్చు, ఆడిటర్ కావచ్చు, కాంట్రాక్టు ఇచ్చే ముందు భరోసా కోరే క్లయింటు కావచ్చు. జవాబు చెప్పాల్సిన ఐటీ మనిషి మైక్రోసాఫ్ట్ 365 పట్టిక తెరుస్తాడు. బిజినెస్ బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం, ఎఫ్1, ఎఫ్3, ఈ3, ఈ5, వాటి మీద యాడ్-ఆన్‌లు. ఒక్కో పేరు కింద పదుల కొద్దీ సౌకర్యాలు. ఇదంతా బట్టీ పట్టడం ఎవరి తరమూ కాదు. పట్టినా రెండేళ్లు తిరిగేసరికి సగం పేర్లు మారిపోయి ఉంటాయి.

బట్టీ పట్టే పని లేదని చెప్పడానికే ఈ వ్యాసం. ఆ పట్టిక వెనక చాలా శ్రద్ధగా కట్టిన ఒక వస్తువు ఉంది. మైక్రోసాఫ్ట్ పర్‌వ్యూ పేరుతో నడుస్తున్న ఈ రక్షణ వ్యవస్థకు గుండెకాయ లాంటిది 'సెన్సిటివిటీ లేబుల్'. ఒక ఫైలు ఎంత రహస్యమో, దాన్ని ఎవరు ఏం చేయవచ్చో చెప్పే ముద్ర అది. ఆ ముద్ర ఎలా తయారైందో, దాని వెంట తాళం ఎలా పడుతుందో ఒకసారి దగ్గరగా చూస్తే, ఏది ఏ లైసెన్సులో ఉందన్న సంగతి చాలావరకు మనమే ఊహించగలం. ఎందుకంటే ఈ లైసెన్సుల మధ్య గీతలు గీసినవాళ్లు తాళం బలాన్ని బట్టి గీయలేదు. తాళం ఎవరు వేస్తారు, కాపలా ఎంత దూరం వరకు ఉంటుంది అన్న రెండు లెక్కల మీద గీశారు. నాకు ఈ పనితనంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఫైలు లోపల ఏముంది

లేబుల్ అనగానే డాక్యుమెంటు పేరు పక్కన కనిపించే 'కాన్ఫిడెన్షియల్' అన్న చిన్న గుర్తే తలపుకొస్తుంది. అసలు పని దాని కింద ఉంది. వర్డ్ డాక్యుమెంటు నిజానికి ఒక జిప్ మూట. ఎన్‌క్రిప్షన్ లేకుండా లేబుల్ మాత్రమే ఉన్న డాక్యుమెంటుకు ఒక కాపీ తీసి, చివర జిప్ అని పేరు మార్చి విప్పి చూడండి. లోపల 'డాక్‌మెటాడేటా' అనే ఫోల్డరు, అందులో 'లేబుల్ఇన్ఫో' అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నాలుగు లైన్లు కూడా ఉండవు. ఆ కాస్త చోటులో ఎంత ఆలోచన పట్టిందో చూడాలి.

మొదట కనిపించేది, అందులో లేబుల్ పేరు లేకపోవడం. పేరుకు బదులు పొడవాటి గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. ఏదో ఒక రోజు కంపెనీ 'కాన్ఫిడెన్షియల్' అన్న పేరును 'లోపలి వాడకానికి మాత్రమే' అని మార్చుకుందనుకోండి. పాత ఫైళ్లు లక్షల్లో ఉన్నా ఒక్కదాన్నీ ముట్టుకోనక్కర్లేదు. తెరిచినప్పుడు కొత్త పేరే చూపిస్తాయి. పేరు మనుషుల కోసం, సంఖ్య ఫైలు కోసం అని మొదట్లోనే విడదీసి పెట్టడం వల్ల వచ్చిన సుఖం ఇది.

దాని పక్కనే సంస్థ గుర్తింపు సంఖ్య. రెండు కంపెనీలూ 'కాన్ఫిడెన్షియల్' అనే పేరే పెట్టుకున్నా, ఒకరి ముద్రను ఇంకొకరి ముద్రగా పొరబడే వీల్లేదు.

ఆ తర్వాత ఒక చిన్న అంకె. ఈ లేబుల్ డాక్యుమెంటు మీద ఏమేం చేసిందో ఆ ఒక్క అంకె చెబుతుంది. పైన హెడర్ వేస్తే 1, కింద ఫుటర్ వేస్తే 2, వాటర్‌మార్క్ వేస్తే 4, ఎన్‌క్రిప్ట్ చేస్తే 8. చేసినవన్నీ కూడి రాస్తారు. 5 కనిపిస్తే హెడరూ వాటర్‌మార్కూ ఉన్నట్టు. 11 అయితే హెడర్, ఫుటర్, ఎన్‌క్రిప్షన్ మూడూ ఉన్నట్టు. ఒక్కోటీ ముందుదానికి రెట్టింపు కాబట్టి, ఏ రెండు కలయికలకూ ఒకే మొత్తం రాదు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది పాత విద్యే. ఇక్కడ దాన్ని పొదుపుగా, సరైన చోట వాడారు.

ఇంకో మాట ఉంది, మన విషయానికి అదే కీలకం. లేబుల్ ఏ పద్ధతిలో పడిందో కూడా ఫైలు గుర్తు పెట్టుకుంటుంది. మనిషి తానుగా ఎంచుకుని పెడితే 'ప్రివిలేజ్డ్' అని, డిఫాల్ట్‌గానో యంత్రం వల్లనో పడితే 'స్టాండర్డ్' అని రాసుకుంటుంది. మనిషి తెలిసి తీసుకున్న నిర్ణయానికి పెద్దపీట వేసే పద్ధతి ఇది. ఎవరో ఆలోచించి పెట్టిన ముద్రను యంత్రం తర్వాత వచ్చి మామూలుగా తుడిచెయ్యదు. లేబుల్ తీసేసినా జాడ లేకుండా పోదు, 'తీసేశారు' అన్న గుర్తు మిగులుతుంది.

ఇదంతా ఫైలు ఉన్న ఫోల్డరులో గానీ, సర్వరులో గానీ కాకుండా ఫైలులోనే రాసి ఉంటుంది. నగల పెట్టె మీద చీటీ అంటించకుండా నగ మీదే హాల్‌మార్క్ కొట్టినట్టు. ఫైలు పెన్‌డ్రైవ్ ఎక్కినా, మెయిల్‌లో పోయినా, పేరు మార్చుకున్నా ముద్ర వెంటే ఉంటుంది.

తాళంచెవి ఎక్కడ ఉంటుంది

లేబుల్‌కు ఎన్‌క్రిప్షన్ జోడించాలా వద్దా అన్నది సంస్థ ఇష్టం. జోడిస్తే జరిగే పని ఇంకా ముచ్చటైనది.

విజయవాడలో ఒక ఆడిట్ ఆఫీసు ఉందనుకుందాం. క్లయింటు కంపెనీ ఉద్యోగుల జీతాల షీటుకు అక్కడి ఉద్యోగి 'హైలీ కాన్ఫిడెన్షియల్' అన్న లేబుల్ పెట్టాడు. ఆ క్షణంలో అతని కంప్యూటరులోనే ఆ ఒక్క షీటు కోసం ఒక కొత్త తాళంచెవి పుడుతుంది. ఆ కంప్యూటరు షీటు మొత్తాన్ని ఏఈఎస్ పద్ధతిలో ఆ 256 బిట్ల చెవితో మూసేస్తుంది. ఆ తర్వాత ఆ చెవిని సంస్థకు చెందిన 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీతో మూసి, 'ఎవరు చూడవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు ప్రింటు తీయవచ్చు' అన్న షరతుల పత్రంతో కలిపి షీటుకే తగిలిస్తుంది. అంటే తాళం, మూసిన చెవి, షరతులు మూడూ ఫైలుతోనే ప్రయాణం చేస్తాయి. చెవిని విప్పగలిగిన చోటు మాత్రం మైక్రోసాఫ్ట్ రైట్స్ మేనేజ్‌మెంట్ సర్వీసు ఒక్కటే.

అవతలి మనిషి ఆ షీటు తెరవబోతే అతని కంప్యూటర్ ఆ షరతుల పత్రాన్ని, మూసిన చెవిని మాత్రమే సర్వీసుకు పంపుతుంది. సర్వీసు అతనెవరో చూస్తుంది, షరతులు చదువుతుంది, అర్హుడైతే చెవిని అతనికి మాత్రమే తెరుచుకునేలా మళ్లీ మూసి ఇస్తుంది. ఈ రాకపోకల్లో జీతాల షీటు ఒక్కసారి కూడా ఆ సర్వీసు గడప తొక్కదు. చెవుల లెక్క చూసేవాడికి పెట్టెలో ఏముందో తెలియనక్కర్లేదు. భద్రత విషయంలో ఇంతకన్నా మర్యాదైన ఏర్పాటు అరుదు.

ఒకసారి ఇచ్చిన అనుమతి మామూలుగా 30 రోజులు చెల్లుతుంది. ఆ లోపల నెట్ లేకపోయినా ఫైలు తెరుచుకోవచ్చు. గడువు దాటితే సర్వీసు మళ్లీ అడిగి చూస్తుంది. ఆ నెలలో ఉద్యోగం మానేసినవాడికి ఇక తెరుచుకోదు. రైలు ప్రయాణంలో పని చేసుకునే మనిషి సౌకర్యం, వెళ్లిపోయినవాడి చేతికి ఫైలు చిక్కకూడదన్న సంస్థ అవసరం, రెంటి మధ్యా తూకం ఆ 30 రోజులు. ఎక్కువ కావాలన్నా తక్కువ కావాలన్నా సంస్థ మార్చుకోవచ్చు.

షరతుల్లో 'ఎక్స్‌ట్రాక్ట్' అనే హక్కు ఒకటుంది. ఫైలులోంచి కాపీ చేసుకునే అనుమతి అది. చాలా ఏళ్ల కింద కాపీ-పేస్టును దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ హక్కు ఇప్పుడు కొత్త పనికి అక్కరకొచ్చింది. మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడు కోపైలట్ ఒక డాక్యుమెంటును చదివి సారాంశం చెప్పాలంటే, అడిగిన మనిషికి చూసే హక్కుతో పాటు ఈ హక్కు కూడా ఉండాలి. లేకపోతే అందులోని సంగతులు కోపైలట్ జవాబులోకి రావు. పునాది సరిగ్గా వేసిన కట్టడం మీద కొత్త అంతస్తు ఇలాగే నిలుస్తుంది.

మొదటి గీత: ముద్ర ఎవరు వేస్తారు

ఇక లైసెన్సుల్లోకి వద్దాం. పైన చెప్పిన తాళం, చెవి, షరతులు, హెడరు, వాటర్‌మార్కు అంతా మనిషి చేత్తో ఎంచుకుని పెట్టే పని. ఇది 300 మంది లోపు సంస్థల కోసం ఉన్న బిజినెస్ ప్రీమియంలో ఉంది. పెద్ద సంస్థల మైక్రోసాఫ్ట్ 365 ఈ3లో ఉంది. ఆఫీస్ 365 ఈ3లోనూ ఉంది. బిజినెస్ బేసిక్, బిజినెస్ స్టాండర్డ్‌లలో లేదు. మన ఊళ్లలోని చిన్న ఆఫీసులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. స్టాండర్డ్‌లో వర్డ్, ఎక్సెల్, అవుట్‌లుక్ అన్నీ వచ్చేస్తాయి కాబట్టి రక్షణ కూడా వచ్చినట్టే అనుకుంటారు. రాదు. రక్షణ మొదలయ్యే మెట్టు ప్రీమియం.

ఆ ముద్రను మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే వేయాలంటే ఈ5 కావాలి, లేదా దానికి తగిన యాడ్-ఆన్ కావాలి. ఉద్యోగి టైపు చేస్తుండగా కనిపెట్టి లేబుల్ పెట్టడం, షేర్‌పాయింట్‌లో, వన్‌డ్రైవ్‌లో ఎప్పటినుంచో పడి ఉన్న ఫైళ్లను వెతికి లేబుల్ పెట్టడం, వెళ్తున్న మెయిల్‌కు దారిలోనే పెట్టడం, ఇవన్నీ ఆ మెట్టు మీదివి.

ఇక్కడ ఆగి గమనించాల్సింది ఒకటుంది. ప్రీమియంలో చేత్తో పెట్టిన లేబుల్ వేసే తాళం, ఈ5లో యంత్రం పెట్టిన లేబుల్ వేసే తాళం అక్షరాలా ఒకటే. అదే ఏఈఎస్, అదే 256 బిట్లు, అదే సర్వీసు. తక్కువ కట్టినవాడికి నాసి తాళం అంటగట్టలేదు. ఒక చెవి మైక్రోసాఫ్ట్ దగ్గర, ఇంకో చెవి సంస్థ దగ్గర ఉండే 'డబుల్ కీ ఎన్‌క్రిప్షన్' లాంటి ప్రత్యేక ఏర్పాట్లు ఈ5లోనే దొరికే మాట నిజమే. కానీ అవి కొద్ది సంస్థల అవసరం. మామూలు ఆఫీసుకు కావలసిన తాళం దగ్గర పేద, గొప్ప తేడా చూపలేదు. డబ్బు అడిగింది మనిషి శ్రమ తగ్గించినందుకు.

మెయిల్‌లోనూ ఇదే వరస. ఎన్‌క్రిప్ట్ చేసి పంపడం ఈ3లో, ప్రీమియంలో ఉంది. అందుకునేవారు జీమెయిల్ వాడుతున్నా ఒన్‌టైమ్ పాస్‌కోడ్‌తో చదువుకోవచ్చు. పంపిన మెయిల్‌కు గడువు పెట్టడం, వెనక్కి తీసుకోవడం మాత్రం ఈ5.

తెరిచేవారి సంగతి కూడా చెప్పాలి. తాళం వేసేవారికి లైసెన్సు కావాలి గానీ, అనుమతి ఉండి తెరిచి చదివేవారికి ఈ రక్షణ కోసం లైసెన్సు కొనే పని లేదు. ఆడిట్ ఆఫీసు పంపిన షీటు చూడటానికి క్లయింటు పైసా కట్టనక్కర్లేదు. ఈ ఒక్క నిర్ణయం లేకపోతే, ఎంత మంచి తాళమైనా సంస్థ గోడ దాటి వాడుకలోకి వచ్చేది కాదు.

యంత్రం ఎలా చదువుతుంది

యంత్రం ముద్ర వేయాలంటే ముందు అది చదవాలి. ఈ చదువు ఎంత జాగ్రత్తగా నేర్పారో చూడటానికి మనకు దగ్గరి ఉదాహరణ ఆధార్ సంఖ్య.

పన్నెండు అంకెలు కనిపిస్తే చాలు ఆధార్ అనుకుంటే, ఇన్వాయిస్ నంబర్లన్నీ ఆధార్ సంఖ్యలైపోతాయి. అందుకే మూడు వడపోతలు పెట్టారు. మొదటిది ఆకారం. పన్నెండు అంకెలుండాలి, మొదటి అంకె సున్నా గానీ ఒకటి గానీ కాకూడదు, నాలుగేసి అంకెల మధ్య ఖాళీ గానీ చిన్న గీత గానీ ఉన్నా ఫరవాలేదు. రెండోది లెక్క. ఆధార్‌లో చివరి అంకె మిగతా పదకొండు అంకెల నుంచి పుట్టేది. డచ్ గణితవేత్త యాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రచురించిన పద్ధతి అది. ఏ ఒక్క అంకె తప్పు పడినా, పక్కపక్కన ఉన్న రెండు అంకెలు తారుమారైనా ఆ లెక్క పట్టేస్తుంది. క్రెడిట్ కార్డులకు వాడే లూన్ పద్ధతి 09ని 90గా రాస్తే కనిపెట్టలేదు. వెర్‌హూఫ్ పద్ధతికి ఆ లోపం లేదు. లెక్క సరిపోని పన్నెండు అంకెల వరసను యంత్రం ఆధార్‌గా లెక్కపెట్టదు.

మూడోది పరిసరం. అంకెల దగ్గర, మామూలుగా 300 అక్షరాల దూరంలో, ఆధార్ అనో యూఐడీఏఐ అనో మాట ఉందా అని చూస్తుంది. ఉంటే నమ్మకం పెరుగుతుంది. ఈ నమ్మకాన్ని 65, 75, 85 అని మూడు మెట్లుగా చెబుతారు. 85 వచ్చినప్పుడే మెయిల్ ఆపాలా, 75కే హెచ్చరించాలా అన్నది సంస్థ తేల్చుకోవచ్చు. మన ఆఫీసుల్లో తెలుగులో రాసే పత్రాలు ఉంటాయి కాబట్టి, ఈ సిద్ధంగా ఉన్న నమూనాకు ఒక కాపీ తీసుకుని, తెలుగు లిపిలో 'ఆధార్ సంఖ్య' లాంటి మాటలు చేర్చుకునే వీలుంది. ఆ పని చేసుకున్న ఆఫీసుకు ఫలితం తేడాగానే ఉంటుంది.

పాన్ నంబరుకూ ఇలాంటి నమూనా ఉంది. పదింటిలో నాలుగో అక్షరం ఆ పాన్ ఎవరిదో చెబుతుంది. వ్యక్తి అయితే పి, కంపెనీ అయితే సి, ట్రస్టు అయితే టి. అక్కడ ఉండగలిగిన అక్షరాలు కొన్నే కాబట్టి, వేరే అక్షరం కనిపిస్తే అది పాన్ కాదని వదిలేస్తుంది.

ఇంకా పైమెట్టులో 'ఎగ్జాక్ట్ డేటా మ్యాచ్' ఉంది. ఇది ఈ5 సరుకు. ఏదో ఒక ఆధార్ సంఖ్య అని కాకుండా, 'మా కస్టమర్ల జాబితాలోని ఈ సంఖ్యలే' అని చెప్పగలిగే పద్ధతి. పది కోట్ల వరసల దాకా జాబితా ఇవ్వవచ్చు. అయితే ఆ జాబితా ఉన్నదున్నట్టు క్లౌడుకు పోదు. సంస్థ కంప్యూటరులోనే, ఉప్పు అని పిలిచే అదనపు విలువ కలిపి హాష్ చేసి (వెనక్కి చదవలేని కోడుగా మార్చి), ఆ హాష్‌లను మాత్రమే పైకి పంపుతారు. దాచాల్సిన జాబితాను దాచే పనిలోనే బయటపెట్టకూడదన్న జాగ్రత్త ఇది.

పాత ఫైళ్లకు లేబుళ్లు పెట్టే యంత్రాన్ని తిప్పే ముందు రిహార్సల్ తప్పనిసరి. దాన్ని సిమ్యులేషన్ అంటారు. ఏ ఫైళ్లకు ఏ లేబుల్ పడబోతుందో చూపిస్తుంది గానీ దేన్నీ ముట్టుకోదు. చూసుకుని, నియమం సరిచేసుకుని, అప్పుడే నిజంగా తిప్పాలి. తిప్పాక కూడా రోజుకు లక్ష ఫైళ్లకు మించి లేబుల్ పెట్టదు. తప్పు నియమం ఒకటి రాత్రికి రాత్రి సంస్థ మొత్తాన్ని తాళాల్లో బిగించకుండా పెట్టిన అడ్డుకట్ట అనిపిస్తుంది.

రెండో గీత: కాపలా ఎంత దూరం

లేబుల్ ఫైలుకు పడే ముద్ర అయితే, డీఎల్‌పీ (డేటా లాస్ ప్రివెన్షన్) గేటు దగ్గర కాపలా. సున్నితమైన డేటా బయటికి పోతుంటే ఆపడం, హెచ్చరించడం దాని పని. ఈ కాపలా యంత్రానిదే, ఈ3లోనూ ప్రీమియంలోనూ ఉంది. ఇక్కడ గీత వేరే చోట పడింది. కాపలా ఎన్ని గేట్ల దగ్గర నిలబడుతుందన్నదే తేడా.

ఈ3, ప్రీమియంలలో మూడు గేట్లు: ఎక్స్‌చేంజ్ మెయిల్, షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్. ఈ5లో మరో రెండు ముఖ్యమైన గేట్లు కలుస్తాయి. ఒకటి టీమ్స్ చాట్. రెండోది ఉద్యోగి కంప్యూటర్. అంటే ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం, ప్రింటు తీయడం, బ్రౌజరు నుంచి సొంత క్లౌడ్ ఖాతాలోకి అప్‌లోడ్ చేయడం లాంటివి.

టీమ్స్ విషయంలో గీత ఎక్కడ పడిందో చూస్తే కట్టడం లోపలి నిర్మాణం కనిపిస్తుంది. ఆధార్ సంఖ్యలున్న ఎక్సెల్ షీటును టీమ్స్ చాట్‌లో పంపితే ఈ3 కాపలా దాన్ని చూస్తుంది. అవే సంఖ్యలను చాట్‌లో టైపు చేసి పంపితే చూడదు. మొదట వింతగా అనిపిస్తుంది. కారణం తెలిస్తే ఇక మరిచిపోం: టీమ్స్‌లో పంచుకున్న ఫైలు నిజానికి వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉంటుంది. ఆ గేటు ఈ3కి ఉంది. చాట్ మాటలు వేరే దారిలో పోతాయి. ఆ దారికి ఈ5.

పట్టిక చదివే పద్ధతి

ఈ రెండు గీతలు తెలిశాక ఏ కొత్త సౌకర్యం పేరు విన్నా రెండు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఇది మనిషి చేత్తో చేసే పనా, యంత్రం మనిషి బదులు చేసే పనా? కాపలా మెయిల్, ఫైళ్ల గిడ్డంగి దగ్గరా, ఇంకా అవతలా? మొదటి జవాబులు ప్రీమియం, ఈ3 వైపు తీసుకెళ్తాయి, రెండోవి ఈ5 వైపు. ఊహను ఒక్కసారి అధికారిక పట్టికలో సరిచూసుకుంటే చాలు. ఒక్కో లైసెన్సులో ఏముందో ఒక్కో పేజీ బొమ్మగా చూడాలనుకునేవారికి ఆరన్ డినేజ్ గీసే ఎం365 మ్యాప్స్ ఉన్నాయి. గడిలో గడిగా, ఏ ప్యాకేజీ లోపల ఏది ఇమిడి ఉందో కంటికి కనిపించేలా గీసిన పటాలవి. అధికారిక పత్రాల పేరాల్లో దారితప్పిన ఐటీ మనుషులెందరికో అవి చేదోడు.

చదివేటప్పుడు ఒక నియమం మనసులో ఉంచుకోవాలి. ఈ5 సౌకర్యాల్లో చాలావాటిని, సంస్థలో ఒక్క ఈ5 లైసెన్సు ఉన్నా, అందరికీ పనిచేసేలా ఆన్ చేసేయవచ్చు. యంత్రం అడ్డుకోదు. కానీ ఒప్పందం ప్రకారం, ఆ సౌకర్యం వల్ల ప్రయోజనం పొందే ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి. పనిచేస్తోంది కాబట్టి హక్కు ఉందనుకోకూడదు. ఎవరెవరికి అవసరమో ముందే తేల్చుకుని, నియమాన్ని ఆ గుంపుకే పరిమితం చేయాలి.

అందరికీ ఈ5 కొనక్కర్లేదన్నదీ ఇక్కడే తేలుతుంది. 2022 మార్చిలో సవరించిన అమెరికా ధరల్లో ఒక మనిషికి నెలకు ఈ3 36 డాలర్లు, ఈ5 57 డాలర్లు ఉండేవి. ఆ తేడాలో డేటా రక్షణ ఒక్కటే లేదు, ఫోన్ వ్యవస్థ, పవర్ బీఐ, ఎన్నో ఉన్నాయి. డేటా రక్షణ మాత్రమే కావాలంటే ఈ3 మీద ఈ5 కంప్లయన్స్ యాడ్-ఆన్ తీసుకోవచ్చు. 2025లో దాని పేరు పర్‌వ్యూ సూట్ అయింది. అదే ఏడాది సెప్టెంబరులో బిజినెస్ ప్రీమియం మీదకు కూడా ఆ సూట్‌ను తెచ్చారు. చిన్న ఆఫీసులకు ఇది మంచి మలుపు. జీతాల షీట్లు, కస్టమర్ల వివరాలు ముట్టుకునే కొద్దిమందికి పైమెట్టు, మిగతావారికి కిందిమెట్టు ఇచ్చుకోవచ్చు. ధరలు దేశాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి కాబట్టి కొనే రోజున చూసుకోవాలి.

మన చట్టం ముందు పెట్టి చూస్తే

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వస్తాయి. తగిన భద్రతా జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. తీసుకోవాల్సిన జాగ్రత్తల్లో ఎన్‌క్రిప్షన్, ఎవరెవరు చూడవచ్చన్న అదుపు, లాగ్‌లు ఉన్నాయి.

మొదటి రెంటికీ ప్రీమియం, ఈ3 లేబుళ్లు గట్టి పునాది. మూడోదాని దగ్గర జాగ్రత్తగా ఉండాలి. నియమాలు లాగ్‌లను ఏడాది ఉంచమంటున్నాయి. మైక్రోసాఫ్ట్ 365లో మామూలు ఆడిట్ లాగ్ 180 రోజులే ఉంటుంది. ఈ5లో మెయిల్, షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్, లాగిన్‌లకు సంబంధించిన రికార్డులు ఏడాది ఉంటాయి. కాబట్టి ఈ3తోనో ప్రీమియంతోనో నడిచే ఆఫీసు ఆ లాగ్‌లను గడువులోపే ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకునే ఏర్పాటు ఇప్పుడే చేసుకోవాలి. లైసెన్సుల పట్టికలో మూలన ఉండే ఒక అంకెకు ఇంత బరువుంది.

లోట్లు ఎక్కడ

ఎంత మెచ్చినా రెండు లోట్లు చెప్పి తీరాలి. మొదటిది పేర్లు. 2015లో సెక్యూర్ ఐలండ్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీని కొని, 2016లో అజూర్ ఇన్ఫర్మేషన్ ప్రొటెక్షన్‌గా తెచ్చి, 2022లో పర్‌వ్యూ అన్నారు. లోపలి వస్తువు చక్కగా పెరుగుతూ వచ్చింది. పైపేరు మారినప్పుడల్లా కొనేవాడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాల్సి వచ్చింది. లేబుల్ పేరు మారినా ఫైలు చెక్కుచెదరకుండా ఉండేలా అంత జాగ్రత్తపడ్డవాళ్లు, తమ సరుకు పేర్ల విషయంలో ఆ శ్రద్ధ చూపి ఉంటే ఎంత బాగుండేది.

రెండోది తాళానికి ఉన్న సహజమైన హద్దు. చూసే అనుమతి ఉన్న మనిషి తెరను ఫోనుతో ఫొటో తీస్తే ఏ ఎన్‌క్రిప్షనూ ఆపలేదు. ఆ హద్దు తెలుసుకునే వాడుకోవాలి. వాటర్‌మార్క్‌కు విలువ అక్కడే.

ఈ కట్టడం నుంచి కొనేవారు నేర్చుకోవాల్సింది క్రమం. ముందు ప్రీమియం గానీ ఈ3 గానీ తీసుకుని, నాలుగు లేబుళ్లు నిర్ణయించి, లేబుల్ తగ్గించాలంటే కారణం రాయాలన్న నియమం పెట్టి, ఆఫీసు వాళ్లకు ముద్ర వేయడం అలవాటు చేయాలి. ఏది రహస్యం, ఏది కాదు అన్నది సంస్థ తనకు తాను తేల్చుకోకపోతే ఈ5 యంత్రం కూడా ఏం వెతకాలో తెలియక ఖాళీగా కూర్చుంటుంది. మనుషుల చేతులు అందుకోలేనంత పని పెరిగినప్పుడు, ఆ పెరిగిన చోటుకే యంత్రాన్ని కొనాలి. తాళం ఎటూ మొదటి రోజు నుంచీ పూర్తి బలంతోనే ఉంటుంది. తక్కువ కట్టేవారికీ అదే తాళం ఇవ్వాలన్న నిర్ణయం వల్లే, ఇరవై మంది పనిచేసే ఆఫీసు కూడా తన క్లయింట్ల డేటాను పెద్ద బ్యాంకుకు దొరికే బలంతో కాపాడగలుగుతోంది. లైసెన్సుల పట్టిక ఎంత చిక్కుగా కనిపించినా, ఆ నిర్ణయం తీసుకున్నవారి పనితనాన్ని మెచ్చుకోవాల్సిందే.